ముందు భయం, తర్వాత బిల్లు

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో పిల్లల వస్తువుల కొట్టుకు వెళితే ముందు భయపెడతారు, తర్వాత బిల్లు వేస్తారు. "టేబుల్ మూలలకు రబ్బరు తొడుగులు తీసుకోలేదా సార్? బాబు తల తగిలితే?" మా ఇంట్లో టేబులే లేదు, అందరం నేల మీద కూర్చుని తింటాం. చక్రాల వాకర్లు వరుసగా వేలాడుతున్నాయి. కెనడా 2004లోనే వాటి అమ్మకాన్ని నిషేధించింది. ఇక్కడ మాత్రం బంధువుల కానుకల్లో మొదటిది అదే.

నాకు కావలసింది చిన్న హెల్మెట్. 9 నెలలు దాటి 4 ఏళ్లు నిండని పిల్లలను బండి మీద తీసుకెళితే హెల్మెట్, నడిపేవారికి కలిపి కట్టే బెల్టు ఉండాలని, వేగం 40 కిలోమీటర్లు మించకూడదని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన. కొట్టతను ఒక టోపీ తెచ్చాడు. లోపల మెత్త లేదు, గడ్డం కింద బిగించే పట్టీ లేదు, పైన ఎలుగుబంటి చెవులు మాత్రం ఉన్నాయి! "బరంపురంలో చూడండి" అన్నాడు, తెలుగులో మొదలుపెట్టి ఒడియాలో ముగిస్తూ.

ఇంట్లో అమ్మ మా బాబు అరికాలికి దిష్టి చుక్క పెట్టి, స్నానాల గదిలో బకెట్ బోర్లించింది. పసివాడికి జానెడు నీళ్లు చాలట ప్రమాదానికి. చుక్క సంగతి నాకు తెలియదు గానీ, బకెట్ విషయంలో ఆమెదే సరైన లెక్క. దానికి పైసా ఖర్చు లేదు కాబట్టి ఏ కొట్టులోనూ ఎవరూ చెప్పరు.

ఆదివారం బరంపురం వెళుతున్నాను. ఎవరికైనా హెల్మెట్ కావాలంటే పిల్లల తల కొలత పంపండి.