పాలమూరులో ప్రెసిషన్ ట్రక్కులు: పెట్టిన పైసలకు ఏం వచ్చింది?

లాంగ్‌బోర్డు అంటే పొడవాటి స్కేట్‌బోర్డు. దాని చెక్క కింద ముందొకటి, వెనకొకటి ఉండే ఇరుసు సెట్లను ట్రక్కులంటారు. పోతపోసిన మామూలు ట్రక్కుల జత ఆరేడు వేలకు దొరుకుతుంది. గట్టి అల్యూమినియం దిమ్మెను కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మిషన్ మీద చెక్కి చేసిన ప్రెసిషన్ జత కావాలంటే 400 డాలర్ల దాకా అవుతుంది, అంటే ముప్పై వేలు దాటినట్టే. కొరియర్, కస్టమ్స్ కలిపితే ఇంకా పైకి పోతుంది. ఐదింతలు ఎక్కువ పెడితే ఐదింతలు మేలు జరుగుతుందా అన్నది నాకు చాలాకాలంగా ఉన్న అనుమానం. చివరికి డల్లాస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు సంక్రాంతికి వస్తుంటే బ్యాగులో వేయించి తెప్పించుకున్నాను. రేటు ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు. ఆ తర్వాత రెండు రకాలనూ కొలిచి, ఒకే బోర్డుకు మార్చి మార్చి బిగించి నడిపి చూశాను. అదంతా ఇక్కడ రాస్తున్నాను.

మహబూబ్‌నగర్‌లో లాంగ్‌బోర్డు ఎక్కడ నడుపుతావని అడిగేవాళ్లకు జవాబు వెంచర్లు. బెంగళూరు హైవే మీద షాద్‌నగర్ దాటిన దగ్గరి నుంచి జడ్చర్ల, భూత్పూర్ దాకా రెండు పక్కలా ప్లాట్లే. ఆర్చి ఉంటుంది, గేటు ఉంటుంది, నున్నటి బీటీ రోడ్లు, కరెంటు స్తంభాలు ఉంటాయి. ఇండ్లే ఉండవు. జడ్చర్ల దగ్గరి ఒక వెంచర్‌లో రోడ్డు గుట్ట వాలు మీదుగా మంచి ఏటవాలుగా దిగుతుంది. వాచ్‌మన్ మొదట ప్లాటు చూడ్డానికి వచ్చామనుకుని మర్యాద చేశాడు. సంగతి తెలిశాక కూడా వెళ్లగొట్టలేదు, పొద్దున ఎనిమిదిలోపు కానిచ్చుకొమ్మన్నాడు. ఆ వాలు మీద ఫోన్ జీపీఎస్‌లో నాకొచ్చే వేగం గంటకు 35 నుంచి 40 కిలోమీటర్లు. ఈ అంకె గుర్తుంచుకోండి, లెక్కంతా దీని మీదే తేలుతుంది.

ముందు తయారీ సంగతి కొంచెం. పోత ట్రక్కులో స్టీలు ఇరుసును అచ్చులో పెట్టి చుట్టూ కరిగిన అల్యూమినియం పోస్తారు. చల్లారేటప్పుడు లోహం ముడుచుకుంటుంది. బలం కోసం మళ్లీ వేడిచేసి నీళ్లలో ముంచినప్పుడు ఇంకొంచెం మెలి తిరుగుతుంది. దాంతో ఇరుసు కాస్త వంగవచ్చు, చెక్కకు బిగించే బేస్‌ప్లేటు కోణం డిగ్రీ అటూ ఇటూ పోవచ్చు, బుష్ (ఒరిగినప్పుడు నలిగి, వదిలితే మళ్లీ మధ్యకు తెచ్చే యురేథేన్ ముక్క) కూర్చునే గుంట వదులుగా రావచ్చు. ప్రెసిషన్ రకంలో 6061 లేదా 7075 అనే గ్రేడు అల్యూమినియం దిమ్మెను చెక్కి హ్యాంగర్, అంటే ఇరుసును పట్టి ఉంచే భాగం, తీస్తారు. రంధ్రం కొలతకు తీసి అందులో ఇరుసు దించుతారు. ఒక్కో ముక్కా మిషన్ మీద చాలాసేపు ఉంటుంది, చెక్కగా పోయే పొట్టు కూడా తక్కువేం కాదు. రేటంతా అక్కడే ఉంది.

కొలిచే పనికి రాయచూర్ రోడ్డు వైపు ఉన్న ఒక లేత్ మిషన్ షాపుకు వెళ్లాను. బోరు మోటర్ల షాఫ్టులు, ట్రాక్టరు పిన్నులు చేసే షాపు అది. ఉస్తాద్ దగ్గర పాత డయల్ గేజీ ఉంది. లేత్ బెడ్ మీద రెండు వీ-బ్లాకులు పెట్టి, ఇరుసును హ్యాంగర్ పక్కనే వాటి మీద ఆనించి, ఇరుసు కొసకు డయల్ సూది తాకించి చేత్తో మెల్లగా తిప్పాడు. పోత ట్రక్కులో ఒక కొస 40 పాయింట్లు, అంటే 0.4 మిల్లీమీటర్లు ఊగింది. రెండో కొస అందులో సగం.

“తమ్మీ, ఇది పోత మాల్. పోతల గింత తేడా ఉంటది. బండికేం కాదు తియ్” అన్నాడు.

ప్రెసిషన్ హ్యాంగర్ పెడితే సూది కదిలీ కదలనట్టు ఉంది. ఉస్తాద్ అద్దాలు పైకి జరుపుకుని టూలు నడిచిన గీతలు చూశాడు, పివట్ ముక్కును గోటితో గీకాడు, పని మంచిగుందన్నాడు. రేటు చెప్పగానే మాత్రం, “ముప్పై వేలా? గా పైసలకు ఐదు హెచ్‌పీ మోటరొస్తది గదా!” అన్నాడు. మా జిల్లాలో ఏ ఖర్చునైనా చివరికి బోరు మోటరుతోనే తూస్తారు.

ఇంటికొచ్చి లెక్క వేశాను. డయల్ మీద 0.4 ఊగిందంటే ఇరుసు కొస అసలు జరిగింది అందులో సగం, 0.2 మిల్లీమీటర్లు. హ్యాంగర్ బయట ఇరుసు పొడవు సుమారు 50 మిల్లీమీటర్లు. కోణంలోకి మారిస్తే పావు డిగ్రీ కూడా రాదు. కింద 70 మిల్లీమీటర్ల మెత్తటి యురేథేన్ చక్రాలు, వాటి కింద కంకర తేలిన మన రోడ్డు. అంత తేడా పాదానికి తెలుస్తుందని నేను నమ్మను. ప్రెసిషన్ ట్రక్కుల గురించి మాట్లాడేవాళ్లందరూ ముందుగా ఎత్తేది ఈ వంకర ఇరుసు సంగతే. నా దృష్టిలో అది అన్నిటికంటే చిన్న విషయం.

పెద్ద విషయం వేరే రెండు చోట్ల కనిపించింది. ఒకటి, హ్యాంగర్ ముక్కు కూర్చునే పివట్ కప్పు. పోత ట్రక్కులో ముక్కు పూర్తి గుండ్రంగా లేదు, కప్పులో పెట్టి ఆడిస్తే టకటకమని తెలిసిపోతోంది. రెండోది బుష్ గుంట. బుష్ చుట్టూ కంటికి కనిపించేంత సందు ఉంది. ప్రెసిషన్ దాంట్లో బుష్‌ను బొటనవేలితో నొక్కితే తప్ప దిగదు, దిగాక అంగుళం పక్కకు కాదు, వెంట్రుకవాసి కూడా జరగదు.

మొదటిసారి నడిపినప్పుడు నిజంగా తబ్బిబ్బయ్యాను. ఒరిగితే ఒరిగినంతే తిరుగుతోంది, వదిలితే చక్కగా మధ్యకు వస్తోంది. నాతోపాటు వచ్చే తమ్ముడైతే ఒక్క రౌండు కొట్టి, “అన్నా, ఇగ పాతవి అమ్ముకో” అన్నాడు. కానీ కొత్త ట్రక్కులతోపాటు కొత్త బుష్‌లు కూడా వచ్చాయి కదా. పోత ట్రక్కులో ఉన్నవి కంపెనీ వేసిచ్చిన 90ఎ బుష్‌లు (అంకె పెరిగితే గట్టితనం ఎక్కువ), ఎండిపోయి అంచులు చిట్లాయి. కొత్తవి నా 68 కిలోల బరువుకు సరిపడే 87ఎ. దేని గొప్ప ఎంతో తేలాలంటే బుష్‌లు ఒకటే ఉండాలి. కాబట్టి ఆ 87ఎ బుష్‌లనే తీసి పోత ట్రక్కులకు వేశాను. పివట్ కప్పులో టకటక పోవడానికి ముక్కు చుట్టూ ప్లంబర్లు వాడే టెఫ్లాన్ టేపు నాలుగు చుట్లు చుట్టి, కొద్దిగా గ్రీజు పెట్టి నొక్కాను. ఖర్చు ఇరవై రూపాయలు. బుష్ గుంటలో సందుకు ఉస్తాద్ పలుచటి నైలాన్ రింగు తీసిచ్చాడు, పైసలు వద్దన్నాడు, చాయ్ తాగించాను.

అదే వాలు, అవే చక్రాలు, అదే బోర్డు. తేడా సగానికి సగం పోయింది. తమ్ముడికి చెప్పకుండా ట్రక్కులకు పాత గుడ్డ చుట్టి ఇచ్చాను. ఏది ఏదో రెండుసార్లు తప్పు చెప్పాడు, తర్వాత చక్రం తిప్పి శబ్దం విని సరిగ్గా చెప్పాడు, దాన్ని నేను లెక్కలోకి తీసుకోను. 40 కిలోమీటర్ల లోపు ముప్పై వేలలో ఎక్కువ భాగం కంటికి ఇంపే తప్ప కాలికి తెలిసేది కాదు.

వేగం పెరిగాక కథ మారింది. పాలమూరు పక్కన కొత్తగా వేసి, బండ్లకు ఇంకా తెరవని ఒక రోడ్డు ముక్క దొరికింది. పొడవైన దిగుడు, కింద ఆగడానికి బోలెడు చోటు. పూర్తి హెల్మెట్, మోకాలి ప్యాడ్లు, ఉస్తాద్ నైలాన్ రాడ్డు కోసి ఇచ్చిన బిళ్లలు అతికించిన గ్లోవ్స్‌తో దిగాను. అక్కడ 50 దాటింది. 45 దాటిన దగ్గర పోత ట్రక్కులతో వెనక భాగం చిన్నగా వణకడం మొదలైంది. ఈ వణుకునే స్పీడ్ వాబుల్ అంటారు. ఒకసారి పట్టుకుంటే కాళ్లు బిగుసుకుంటాయి, బిగుసుకున్నకొద్దీ అది పెరుగుతుంది. బరువంతా ముందు కాలి మీదికి తెచ్చి, మోకాళ్లు వంచి ఎలాగో కిందికి చేరాను. అవే బుష్‌లతో ప్రెసిషన్ జత వేసి దిగితే, అదే చోట, అంతే వేగంలో వణుకు రాలేదు. ఎన్నిసార్లు దిగినా రాలేదు.

కారణం ఇలా అనుకుంటున్నాను. ట్రక్కులో వదులు ఉంటే, సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడు బుష్ ఏ వైపూ గట్టిగా పట్టుకోని ఒక సన్నటి ఖాళీ ఉంటుంది. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు ఆ ఖాళీ తెలియదు. వేగంలో బోర్డు ఆ ఖాళీలోనే అటూ ఇటూ కొట్టుకుంటుంది. నా టేపు, రింగు దాన్ని తగ్గించాయి తప్ప పూర్తిగా తీయలేదు. దిమ్మె చెక్కి చేసినదాంట్లో ఆ ఖాళీ మొదటి నుంచీ లేదు. ఈ సరుకు పుట్టింది కూడా అలాంటి వేగాల కోసమే. 2017లో కెనడాలోని క్యూబెక్‌లో పీట్ కానలీ నిలబడి గంటకు 146.73 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. అక్కడ పాయింటు పాయింటుకూ విలువ ఉంటుంది. మా వెంచర్‌లో ఎదురుపడే పెద్ద ప్రమాదం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు.

అయితే పోత ట్రక్కుతోనే వణుకు తగ్గించే ఇంకో ఉపాయం ఉంది, ఎక్కువ వేగంలో నడిపేవాళ్లు చాలామంది వాడేదే. వెనక ట్రక్కు తక్కువ తిరిగేలా చేయడం. రెండు ట్రక్కుల బేస్‌ప్లేటు కోణమూ 50 డిగ్రీలైతే, వెనకదాని కింద 10 డిగ్రీల ఏటవాలు చెక్క ముక్క పెడితే అది 40 అయినట్టు. మా వీధి వడ్రంగి చారి గారి దగ్గర టేకు ముక్క చిత్రిక పట్టించాను. దిశ చూసుకోవాలి, తిప్పి పెడితే వెనక ట్రక్కు ఇంకా ఎక్కువ తిరిగి ప్రాణం మీదికి వస్తుంది. బోల్టులు పొడవుగా కావాలి. అసలు బోల్టులు 10-32 మరలవి, ఇక్కడ దొరకవు. హార్డ్‌వేర్ షాపులో దొరికే 5 ఎంఎం బోల్టు, దాని నట్టుతోపాటు కొంటే బాగానే పడుతుంది. ఇరుసు నట్టు పోతే మాత్రం 8 ఎంఎం నట్టు ఎక్కదు, చూడీ (మర) వేరు. 5/16 యూఎన్ఎఫ్ నట్టు కావాలి, అది నాకు పాత ట్రాక్టరు స్పేర్ పార్ట్స్ షాపులో దొరికింది.

టేకు ముక్క పెట్టాక పోత జత కూడా 50 దగ్గర చాలావరకు నిలకడగా వచ్చింది. ప్రెసిషన్ అంత కాదు, కానీ భయం లేదు. అందుకే ఇప్పుడు ముందు పోత ట్రక్కు, వెనక ప్రెసిషన్ ట్రక్కు పెట్టుకున్నాను. వణుకు మొదలయ్యేది వెనకే కాబట్టి పెట్టిన డబ్బు పనిచేసే చోటు అదే. మిగిలిన ప్రెసిషన్ ట్రక్కును తమ్ముడు సగం రేటుకు తీసుకుని తన బోర్డుకు వెనక వేసుకున్నాడు. అలా చూస్తే నాకు పడిన అసలు ఖర్చు పదిహేను వేలు, దానికి నాకు ఫిర్యాదు లేదు. జతకు జత ఎవరైనా కొంటానంటే మాత్రం ఎక్కడ నడుపుతారు, ఎంత వేగం అని అడుగుతాను. వెంచర్ రోడ్లే అయితే ముందు మంచి హెల్మెట్, తర్వాత బరువుకు తగ్గ బుష్‌లు, ఆ తర్వాత టెఫ్లాన్ టేపు. ట్రక్కుల సంగతి ఆ తర్వాత.

బుష్‌లు ఎంచుకునేటప్పుడు మన ఎండను కూడా లెక్కలో వేసుకోండి. యురేథేన్ వేడికి మెత్తబడుతుంది. జనవరి పొద్దున సరిగ్గా ఉన్న 87ఎ బుష్ ఏప్రిల్, మే నెలల్లో వదులుగా అనిపిస్తుంది. నేను ఎండాకాలానికి వెనక ట్రక్కులో 90ఎ వేస్తాను, వానలు పడ్డాక మళ్లీ మారుస్తాను.