హాస్టల్ నుంచి వచ్చిన గజ్జి

మావాడు సంక్రాంతి సెలవులకి హాస్టల్ నుంచి గజ్జి మోసుకొచ్చాడు. పగలంతా బాగానే ఉంటాడు, రాత్రి పడుకుంటే చాలు గోకుడే గోకుడు. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ చిన్న చిన్న పొక్కులు. "వేడి చేసింది, మజ్జిగ తాగించు" అన్నారు అత్తయ్య. అన్నిటికీ ఆవిడ మందు అదే!

చర్మంలో తొలుచుకుని గుడ్లు పెట్టే పురుగట. డాక్టరుగారు 5 శాతం పెర్మెత్రిన్ క్రీము రాశారు. మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కింద కూడా రాత్రి పట్టించి పొద్దున స్నానం. వారం తర్వాత ఇంకోసారి. దురద లేకపోయినా ఇంట్లో అందరూ ఒకేసారి రాసుకోవాలి. మామయ్యగారిని ఒప్పించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. దుప్పట్లన్నీ వేడినీళ్లలో ఉతికాం. పురుగు చచ్చినా దురద కొన్ని వారాలు ఉంటుందట, టెన్షన్ పడొద్దన్నారు.

వార్డెన్‌కి చెప్తే "మీవాడొక్కడికేనండీ" అన్నారు. గదిలో మిగతా పిల్లల తల్లులకి నేనే ఫోన్లు చేస్తున్నా.