మా వైపు బ్లాకు, మీ వైపు మండలం

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఎవరైనా "బ్లాకుకు వెళ్లి వస్తాను" అంటే, అది బి.డి.ఓ. (బ్లాకు అభివృద్ధి అధికారి) గారి కార్యాలయమని ఇక్కడి తెలుగువారిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఊరిని ఆనుకొని ఉన్న పాతపట్నం నుంచి వచ్చిన పెదనాన్న మాత్రం "అంటే మండలమేనా?" అని ప్రతిసారీ అడుగుతారు. ఆంధ్రలో 1985లో మండలాలు వచ్చాయి; ఒడిశాలో 314 బ్లాకులున్నాయి, వాటిలో గుసాని, కాశీనగరం సహా ఏడు మా గజపతి జిల్లావి.

ఇంగ్లీషులో ఈ నామవాచకానికి పాత అర్థం చెట్టు మొద్దు. డచ్చి నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి చేరిన ఆ మాట, మొద్దు నుంచి ఏ గట్టి దిమ్మకైనా, ఆపైన ఇళ్ల సముదాయానికి, విడదీసి చూపగల ఏ భాగానికైనా పాకింది. మొద్దు దారికి అడ్డంగా పడితే అవరోధమే కాబట్టి ఆ అర్థమూ స్థిరపడింది. గుండెకు వచ్చే బ్లాకు, ఫోనులో నంబరుకు పెట్టే బ్లాకు ఆ కోవలోవే. రైల్వేవారి బ్లాకు సెక్షనులో ఈ రెండూ కలిశాయి: అది పట్టాలలో ఒక భాగం, ఒక బండి అందులో ఉండగా మామూలుగా మరో బండికి ప్రవేశం లేదు.

పాలనలోకి వచ్చింది మాత్రం భాగమనే అర్థమే. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలైనప్పుడు ఒక్కో ప్రాజెక్టు ప్రాంతాన్ని సుమారు వందేసి గ్రామాల చొప్పున మూడు బ్లాకులుగా విభజించారు. సంతకం కోసం వరండాలో పడిగాపులు పడేవారు రెండో అర్థాన్నే నమ్మితే వారిని తప్పుపట్టలేము.

అచ్చుకూటాలలో కొయ్య దిమ్మకు జింకు రేకు బిగించి ఫోటోలు అచ్చువేసిన కాలంలో దానినీ బ్లాకు అనే అన్నారు. దిమ్మ అనే చక్కటి మాట ఉండగా దానిని వాడకపోవడం నాకు వెలితిగానే తోస్తుంది. అలాగని బ్లాకు ఆఫీసును ఖండ కార్యాలయమని రాస్తే ఇక్కడ ఎవరికీ అర్థం కాదు.

అసలు చిక్కు లిపిలో ఉంది. సినిమా టికెట్టు బ్లాకులో కొన్నామన్నప్పటి నలుపునూ, ఈ బ్లాకునూ పలకడంలో వేరుచేస్తాము కాని, రాతలో రెండూ ఒకటే. ఒడియాలో మొదటిదానికి దీర్ఘం ఉంటుంది, రెండోదానికి ఉండదు. అందువల్ల రెండు లిపుల బోర్డు కనబడితే నేను ముందుగా ఒడియా వరుసనే చదువుతాను.