చైనుతో మొదలుపెట్టి బండి కడగడం: నా అనుభవం

ఇంట్లో బండి కడిగేటప్పుడు చాలామంది ముందు ట్యాంకు మీద నీళ్లు పోస్తారు. నేను చైను దగ్గర మొదలుపెడతాను. చైను శుభ్రం చేస్తుంటే నల్లటి జిడ్డు రిమ్ము మీద, వెనక టైరు మీద చిందుతుంది. ముందే కడిగేసి ఉంటే ఆ భాగమంతా మళ్లీ కడగాల్సిందే. (చైనుకు పూర్తి కవరు ఉన్న కమ్యూటర్ బండ్లకు ఈ పని ప్రతిసారీ అక్కర్లేదు.)

బండి నీడలో పెట్టి, ఇంజన్ అరగంటైనా చల్లారనిస్తాను. సెంటర్ స్టాండ్ వేసి, బండి న్యూట్రల్‌లో ఉంచి, వెనక చక్రాన్ని చేత్తో తిప్పుతూ కిరసనాయిలులో ముంచిన బ్రష్షుతో రుద్దుతాను. 50 మిల్లీలీటర్లు సరిపోతుంది. కిరసనాయిలు దొరకడం కష్టమైపోయింది కాబట్టి చైన్ క్లీనర్ స్ప్రే అయినా ఫర్వాలేదు. పెట్రోలు మాత్రం వద్దు: ఓ-రింగ్ చైన్లలో రబ్బరు రింగులు ఉబ్బి, లోపలి గ్రీజు పోతుంది, పైగా నిప్పు భయం. ఇంజన్ స్టార్ట్ చేసి, గేరు వేసి చక్రం తిప్పుతూ తుడిచేవాళ్లున్నారు. గుడ్డ స్ప్రాకెట్‌లో (చైను తిరిగే పళ్ల చక్రంలో) చిక్కితే వేళ్లు తెగిపోతాయి, ఆ పని ఎప్పుడూ చేయొద్దు. వెనక డిస్క్ ఉంటే దానికి పాత గుడ్డ చుట్టాలి. బ్రేక్ ప్యాడ్‌కు ఒక్కసారి నూనె అంటితే కడిగినా పూర్తిగా పోదు.

తర్వాత సైలెన్సర్ మూతికి పాలిథిన్ కవరు కట్టి, రబ్బరు బ్యాండు వేస్తాను. ముందు మామూలు నీళ్లు పోసి మట్టి నాననివ్వాలి. ట్యాంకు మీద కనిపించే గుండ్రటి సన్న గీతల్లో చాలావరకు ఎండిన దుమ్ము మీద గుడ్డ రుద్దడం వల్ల వచ్చినవే. రెండు బకెట్లు పెట్టుకుంటాను. ఒకదాంట్లో పది లీటర్ల నీళ్లకు రెండు మూతల బండి షాంపూ, రెండోదాంట్లో గుడ్డ జాడించడానికి ఉత్త నీళ్లు. బట్టల సబ్బు పొడి, గిన్నెల లిక్విడ్ వాడితే రంగు మీది మైనం పోయి మెరుపు తగ్గుతుంది. పైనుంచి కిందికి వస్తూ, చక్రాలకు వేరే గుడ్డ వాడాలి. మ్యాట్ రంగు బండైతే రుద్దొద్దు, మెరుపు కోసం మైనం పాలిష్ అసలే పెట్టొద్దు. మచ్చలు మచ్చలుగా మెరుస్తుంది.

వెనక మడ్‌గార్డు లోపలి వైపు ఎవరూ చూడరు. వానాకాలంలో అక్కడ పేరుకున్న బురద నీటిని పట్టి ఉంచుకుంటుంది, తుప్పు అక్కణ్ణుంచే మొదలవుతుంది. దాన్ని చేయిపెట్టి గీకి తీయాలి. ప్రెషర్ పైపుతో కొడితే త్వరగా పోతుంది నిజమే కానీ, అదే ధార చక్రాల బేరింగులు, హ్యాండిల్ కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) సీళ్లను దాటి లోపలికి వెళ్లి గ్రీజును తోసేస్తుంది. సీటు కింద ఎయిర్ ఫిల్టర్ వైపూ కొట్టకూడదు. ఇంట్లో మగ్గు, మామూలు పైపు చాలు.

ఇక ఆరబెట్టడం. బోరు నీళ్లు గట్టివైతే అలా వదిలేసిన చుక్క ఆరి, తెల్లటి సున్నపు మచ్చవుతుంది. కాబట్టి వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో ఒత్తి తీయాలి. పడిపోయిన మచ్చను, క్రోమ్ మీదైతే వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి తుడిచి, మళ్లీ నీళ్లతో కడగాలి. ట్యాంకు మూత చుట్టూ నీళ్లు నిలిస్తే అక్కడి డ్రెయిన్ రంధ్రం మూసుకుపోయినట్టే, సన్నటి వైరు పెట్టి తీయాలి. లేకపోతే నీళ్లు పెట్రోల్లోకి దిగుతాయి. స్పార్క్ ప్లగ్ గుంటలో నీళ్లుంటే బండి స్టార్ట్ కాదు, లేదా మిస్ కొడుతుంది. ప్లగ్ క్యాప్ తీసి తుడిచి మళ్లీ పెడితే చాలు.

సైలెన్సర్ కవరు తీసేసి, ఇంజన్ ఐదు నిమిషాలు నడిపి, వీధి చివరిదాకా నెమ్మదిగా వెళ్తూ బ్రేకులు నొక్కి వదులుతాను. డ్రమ్ బ్రేకుల్లో షూలు తడిసుంటే మొదటి రెండు మూడు సార్లు పట్టవు. తిరిగొచ్చాక, ఇంజన్ ఆపి, గోరువెచ్చగా ఉన్న చైనుకు లోపలి అంచున, స్ప్రాకెట్ ఆనే వైపు, 90 నంబర్ గేర్ ఆయిల్ సన్నగా పోస్తూ చక్రం తిప్పుతాను. పావుగంట తర్వాత పైన మిగిలింది తుడిచేయాలి. వదిలేస్తే అది రిమ్ము మీద చిమ్మి, దుమ్మును మళ్లీ పట్టుకుంటుంది. సైడ్ స్టాండ్ పిన్నుకూ ఒక చుక్క.