గిన్నె దాచేశాక

మా జున్నుకి రెండేళ్లు. ఊరకుక్కే. ఒక వానాకాలం మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో, ఎవరిదో పాత స్కూటర్ కింద కుయ్యిమంటూ దొరికింది. రంగు చూసి జున్ను అన్నది మా అత్తగారే. ఆవిడకి కుక్కలంటే భయం. పేరు పెట్టే అవకాశం మాత్రం ఎవరికీ వదలరు.

పోయినేడు ఇంటినుంచి పని ఆగిపోయి నేను మళ్లీ ఆఫీసుకి వెళ్లడం మొదలుపెట్టిన నెలలో మా ఇంట్లో జరిగిన నష్టం: సోఫా దిండ్లు రెండు, టీవీ రిమోటు, అత్తగారి హవాయి చెప్పు (ఎడమది), గ్యాస్ పుస్తకం అట్ట. పైగా పక్క ఫ్లాటువాళ్ల ఫిర్యాదు, పదకొండింటినుంచీ ఒకటే మొరుగుడని. "నేను గదిలో తలుపేసుకుని ఉన్నాను కదమ్మా, నాకేటి తెలుస్తాది" అన్నారు అత్తగారు.

వాకింగ్ చాలట్లేదన్నారు అందరూ. సరేనని తెల్లారకుండానే లేచి, బీచ్ రోడ్డులో బళ్లు ఆపేసే వేళకి తీసుకెళ్లడం మొదలుపెట్టాను. సాయంత్రం ఇంకోసారి. నెల తిరిగేసరికి నేను రెండు కిలోలు తగ్గాను, అది కండపట్టింది, సోఫా చిరుగుతూనే ఉంది.

పాత ఫోన్ ఒకటి కిటికీలో పెట్టి రికార్డు చేశాను. నేను వెళ్లగానే తలుపు దగ్గర గోకడం, వగర్చడం, చొంగ కార్చడం ఉంటే అది ఒంటరితనపు భయమట, దాని వైద్యం వేరే, డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. మాదానికి అలాంటివేం లేవు. రెండు గంటలు హాయిగా నిద్రపోయింది. పదకొండింటికి కింద చేపలమ్మి కేక వినపడగానే లేచి, కాసేపు మొరిగి, ఇల్లంతా ఒక చుట్టు తిరిగి, ఇంకేం తోచక దిండు పట్టుకుంది.

ఆ ఆదివారం బాల్కనీలో బట్టలారేస్తూ కింద సందులో కుక్కల్ని చూశాను. ఒకటి చేపల గంప వెనకే పోతోంది. ఒకటి చెత్తబండి వచ్చేదాకా గేటు దగ్గర కాపలా. ముసలిది ప్రతి స్తంభాన్నీ వాసన చూసి, ఎవరొచ్చారో ఎవరు పోయారో తనిఖీ చేస్తోంది. ఒక్కటీ ఖాళీగా లేదు. మా మహారాణికేమో స్టీలు గిన్నెలో భోజనం, రెండు నిమిషాల్లో ఖతం. ఆ తర్వాత రోజంతా నిరుద్యోగం.

గిన్నె తీసి అటకమీద పెట్టేశాను.

ఇప్పుడు అదే తిండి, అంతే కొలత, కానీ వెతుక్కుని తినాలి. ఎక్కువ పనికొచ్చింది మా గుంతపొంగణాల పెనం. గుంటల్లో ఉడికించిన కోడిముక్కలు వేసి, పైన పాత టెన్నిస్ బంతులు కప్పుతాను. మొదటిరోజు పెనాన్నే బోర్లించేసింది, తెలివైనది. కింద గోనెపట్టా వేసి పెట్టాక దారికొచ్చింది. పాత తువ్వాల్లో చిలగడదుంప ముక్కలు పెట్టి చాపలా చుట్టి ఇస్తే పావుగంట. ఎండాకాలంలో ఉప్పు, కారం లేని మజ్జిగన్నం చిన్న డబ్బాలో గడ్డకట్టించి ఇస్తే ఇంకాసేపు. కొబ్బరిపీచు కూడా ఇచ్చాను గానీ అది మింగితే పేగుల్లో అడ్డుపడుతుందని డాక్టర్ కోప్పడ్డారు, మానేశాం. మా మేనల్లుడు తెచ్చిన లేజర్ లైటూ అంతే. ఎంత పరిగెత్తినా నోటికి దొరకదు కదా, రెండ్రోజులు గోడమీద నీడలు చూసి గంతులేస్తూనే ఉంది. లైటు వాడికి తిరిగిచ్చేశాను.

వాకింగూ మార్చాను. దూరం తగ్గింది. ముక్కుకి తోచినంతసేపు నిలబడనిస్తాను. మనిషి ముక్కులో వాసన పట్టే కణాలు యాభై, అరవై లక్షలైతే కుక్కకి 20 కోట్ల పైమాటే. అలాంటిదాన్ని "పద పద" అని తాడు పట్టి లాక్కుపోతే ఏం లాభం? ఇసకలో పీతల బొరియ ఒక్కటి దొరికితే చాలు, నా అరగంట దానికి ధారాదత్తం. ఇంతవరకూ ఒక్క పీత కూడా దొరకలేదు. దాని ఆశ మాత్రం తగ్గలేదు.

అత్తగారు మొదట్లో "ఏటమ్మా, బువ్వ పెట్టడానికి ఇన్ని వేషాలా" అన్నారు. తర్వాత ఒకరోజు తలుపు సందులోంచి చూశారు. ఇంకోరోజు కుర్చీ లాక్కుని కూచున్నారు. ఇప్పుడు మధ్యాహ్నం ముక్కలు దాచే డ్యూటీ ఆవిడదే. నేను పెట్టిన షరతులు రెండు: పరమాన్నంలో కిస్‌మిస్‌లు చిన్నగా దాచడానికి బావుంటాయని వాటిని తేకూడదు, ఉల్లిపాయ తగిలిన పెరుగన్నం పెట్టకూడదు. రెండూ కుక్కలకి విషం. "మనం తినేవే కదా" అని గొణిగారు, కానీ వింటున్నారు.

పోయిన గురువారం ఆఫీసులో మీటింగులో ఉండగా ఫోన్ చేశారు.

"ఒక ముక్క ఎక్కడ పెట్టానో మర్చిపోయానమ్మా. అరగంటనుంచీ వెతుకుతున్నాను."

"జున్ను కనిపెట్టలేదా?"

"అదెక్కడ వెతుకుతోందమ్మా! ఫ్రిజ్ ముందు కూచుని ఒకటే అరుపు. నోర్ముయ్యమంటే వినదు."

"ఫ్రిజ్ మీద చూశారా అత్తయ్యా?"

కాసేపు మాట లేదు. కుర్చీ జరిగిన చప్పుడు, వెంటనే జున్ను గోళ్ల టకటక. ఫోన్ పెట్టేశారు.