పాత గోదారి బ్రిడ్జి మీద హెరిటేజ్ నోట్ రాశా – నా అనుభవం

మాది కొవ్వూరు. పీజీ ప్రాజెక్టుకి హేవలాక్ బ్రిడ్జి తీసుకున్నా, అదేనండి, మా ఊరికీ రాజమండ్రికీ మధ్య గోదారి మీదున్న రైలు బ్రిడ్జి, మనం పాత బ్రిడ్జి అంటామే అది. ఫార్మాట్‌లో చరిత్రకి ఒక్క పేజీయే, మిగతాదంతా దీన్నెందుకు కాపాడాలో చెప్పాలి. పాతది కాబట్టి అంటే కుదరదు, పాత సామాను మా అటక మీదా బోలెడుంది అన్నారు గైడ్ సార్.

లెక్కలు తేలిగ్గానే దొరికాయి. 1897లో పని మొదలు, 1900లో రైళ్లు, 56 స్పాన్లు (అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య ఉండే భాగాలు), ఒక్కోటి 150 అడుగులు, ఇంజనీరు గ్రాన్‌విల్ వాల్టన్. అప్పటి మద్రాస్ గవర్నర్ ఆర్థర్ హేవలాక్ పేరు పెట్టారు.

అసలు పాయింటు పాత రైల్వే మ్యాపులు చూస్తుంటే తగిలింది. బెజవాడ నుంచి కటక్ దాకా లైను 1890ల్లోనే వేసేశారు గానీ గోదారి దగ్గర తెగిపోయింది, అంటే ఇటు మా ఊళ్లో దిగి ఏరు దాటి అటు రాజమండ్రిలో మళ్లీ బండెక్కాలన్నమాట, బ్రిడ్జి వచ్చాకే కోస్తా లైను ఒక్కటయ్యింది. ఇంకోటి, దిగువన ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర రైళ్లెందుకు, కాలవల్లో పడవలే చవక అని గట్టిగా వాదించినాయన. ఆయన 1899లో పోయారు, మరుసటేడే ఆయన ఆనకట్టకి ఎగువన రైలు గోదారి దాటేసింది! నోట్‌లో నేను ఎక్కువ రాసింది దీని గురించే.

బ్రిడ్జి ఎక్కడానికి పర్మిషన్ అడిగితే ఈ ఆఫీసు ఆ ఆఫీసు అని తిప్పారు, విసుగొచ్చి పడవ మాట్లాడుకున్నా. అదే మంచిదైంది, రాతి స్తంభాల పనితనం కింద నుంచే బాగా తెలుస్తుంది. మా వీధిలో రిటైరైన గ్యాంగ్‌మన్ (రైలు పట్టాలు చూసుకునే పని) బాబాయి ఒకాయనున్నారు, ఆయన్ని కదిపితే 1986 గోదారి వరదే చెప్తారు. "రాత్రి లాంతరు పట్టుకుని నడిచేవోళ్లంరా, కింద నీళ్ల హోరుకి పక్కనోడి మాట కూడా వినపడేది కాదు, బండి మాత్రం ఈ బ్రిడ్జి మీద నుంచి కూడా పోవాలి కదా" అన్నారు. పక్కన ఆర్చ్ బ్రిడ్జి వచ్చాక 1997లో దీన్ని ఆపేశారు.

ప్రాజెక్టు వైవాలో (నోటి పరీక్షలో) స్పాన్ల గురించి ఎవరూ అడగలేదు, బాబాయి మాటలు ఎందుకు పెట్టావన్నారు. జనం జ్ఞాపకం కూడా హెరిటేజేనండి, రాయికి అది ఉండదు కదా అన్నా. ఒప్పుకున్నారు గానీ రెండు పేజీలు కోసేశారు. టూరిస్ట్ స్పాట్ చేస్తారని ఎన్నేళ్లుగానో వింటున్నాం, చేసేటప్పుడైనా ఇలాంటి వాళ్లని ఒకసారి పిలిస్తే బాగుంటుంది.