వైవాలో నన్ను ముంచిన కిచకిచలు

నిన్ననే గుంటూరులో మా ఎమ్మెస్సీ ఫిజిక్స్ ప్రాజెక్టు వైవా అయింది. ఒళ్లు ఇంకా మండుతోంది, చల్లారకముందే రాసేస్తున్నా. నా టాపిక్ మాగ్నెటోస్ఫియర్‌లో (భూమి అయస్కాంత క్షేత్రం ఏలుబడిలో ఉండే అంతరిక్షం) ప్లాస్మా తరంగాలు (విద్యుదావేశ కణాల వాయువులో పుట్టే తరంగాలు), అరోరాలు (ధ్రువాల దగ్గర ఆకాశంలో కనిపించే రంగుల వెలుగులు). టాపిక్ ఓకే అవడం ఐదు నిమిషాల పని, బైండింగ్ బ్రాడీపేటలో ఒక్క పూట. ఒక్క సంతకానికి మూడు రోజులు తిప్పిన గుమాస్తా గారి సంగతి ఎత్తకపోవడమే మంచిది.

వైవా గదిలో మార్కులు కొట్టేద్దామని ఫోన్లో కోరస్ అనే ఒక రకం ప్లాస్మా తరంగాల ఆడియో క్లిప్ పెట్టాను. తెల్లారగట్ల చెట్టు మీద పిట్టలన్నీ ఒక్కసారే లేచినట్టు ఉంటుంది. అటెండర్ బాబాయ్ కిటికీలోంచి చూశాడు కూడా. నేను మురిసిపోయి "అంతరిక్షంలో వచ్చే శబ్దం సార్" అన్నాను.

ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "శూన్యంలో శబ్దమేంటమ్మా?"

నోరు పెగల్లేదు. "పోనీ, అరోరా ఎలా వస్తుంది?" సూర్యుడి కణాలు నేరుగా ధ్రువాల మీద పడి అంటూ చిన్నప్పటి ముక్కే అప్పజెప్పాను. "నేరుగా పడితే కొన్ని అరోరాలు సెకన్ల తేడాతో వెలిగి ఆరుతాయెందుకు?" జవాబు నా రిపోర్టులోనే ఉంది, టైప్ చేసింది నేనే. మా గైడ్ ఫ్యాను వంక చూస్తూ కూర్చున్నారు. గైడ్ల మీద ఆశ పెట్టుకోకండి.

అరండల్‌పేటలో బజ్జీల బండి దగ్గర అంతా గుర్తొచ్చింది. కోరస్ శబ్దం కాదు, విద్యుదయస్కాంత తరంగం. కొన్ని వందల నుంచి కొన్ని వేల హెర్ట్జ్‌ల దాకా, అంటే మన చెవికి అందే హద్దులోనే ఉంటుంది కాబట్టి యాంటెన్నా సిగ్నల్‌ను స్పీకర్‌కిస్తే పిట్టల్లా వినిపిస్తుంది, అంతే. భూమి అయస్కాంత బలరేఖల వెంట ఉత్తరానికీ దక్షిణానికీ బంతుల్లా కొట్టుకుంటున్న ఎలక్ట్రాన్ల దారిని ఈ తరంగం కాస్త వంచితే అవి గాల్లోకి జారతాయి, 100 కిలోమీటర్ల ఎత్తున ఆక్సిజన్‌ను తాకితే ఆకుపచ్చ వెలుగు. కోరస్ ఆగి ఆగి వస్తుంది కాబట్టి వెలుగూ అలాగే కొట్టుకుంటుంది. 2016లో జపాన్ పంపిన అరాసే ఉపగ్రహం ఈ జారడాన్ని కోరస్‌తో కలిపి కొలిచింది, పేపర్ 2018లో వచ్చింది.

అదే ఆల్ఫ్వెన్ తరంగాల (ప్లాస్మాలో అయస్కాంత బలరేఖలు తీగల్లా ఊగితే పుట్టేవి) గురించి అడిగుంటే గంట చెప్పేదాన్ని. వాటి గురించి హాన్స్ ఆల్ఫ్వెన్ 1942లో చెప్పడం, ఆయనకు 1970లో నోబెల్, ఆ తరంగాలు ఎలక్ట్రాన్లను తోస్తాయని 2021లో ల్యాబ్‌లో తేలడం, అన్నీ నోటికొచ్చు. అడగలేదు.

100కి 74 వేశారు. వెళ్తూ వెళ్తూ "ఆ క్లిప్ నాకూ పంపమ్మా" అన్నారు.

ఇంకా పంపలేదు.